ఆల్కలైన్ డిటాక్స్ ఆహారం: తరచుగా అడిగే ప్రశ్నలు

కూరగాయలు, పండ్లు, ఆకుకూరలు ఎక్కువగానూ, మాంసం, వేపుళ్లు, తీపి పదార్థాలు తక్కువగానూ తినే పద్ధతి ఆల్కలైన్ (క్షార) డైట్ పేరుతో ఇళ్లలోకి వచ్చింది. ఇది రక్తాన్ని క్షారంగా మార్చి, ఒంట్లోని విషాలను కడిగేస్తుందని (డిటాక్స్) ప్రచారం. దాని వెంట కొన్ని మంచి అలవాట్లు వచ్చాయి, కొన్ని ప్రమాదకరమైన నమ్మకాలూ వచ్చాయి. ఈ రెండింటినీ వేరు చేసుకోవడంలో అవే సందేహాలు మళ్లీ మళ్లీ ఎదురవుతున్నందున వాటిని దశలవారీగా ఒకచోట చేర్చాం. ప్రతి జవాబునూ విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఏ పదార్థం క్షారమో, ఏది ఆమ్లమో ఎవరు, ఎలా నిర్ణయించారు?

గడ్డి తినే కుందేళ్ల మూత్రం మబ్బుగా, క్షార గుణంతో ఉంటుందనీ, వాటిని పస్తు ఉంచినా, మాంసం పెట్టినా అదే మూత్రం తేటగా, ఆమ్లంగా మారుతుందనీ 19వ శతాబ్దంలో ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ గమనించాడు. తర్వాతి కాలంలో శాస్త్రవేత్తలు ఆహార పదార్థాలను కాల్చి, మిగిలిన బూడిదను పరీక్షించి, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్నవాటిని క్షారం వైపు, గంధకం, భాస్వరం ఎక్కువగా ఉన్నవాటిని ఆమ్లం వైపు చేర్చారు. 1995లో జర్మనీకి చెందిన థామస్ రేమర్, ఫ్రీడ్రిష్ మాంజ్ ఒక్కో పదార్థం మూత్రపిండాల మీద ఎంత ఆమ్ల భారం వేస్తుందో లెక్కగట్టే సూత్రాన్ని ప్రచురించారు. దాన్నే ప్రాల్ విలువ అంటారు. ఆ లెక్కలో 100 గ్రాముల పాలకూరకు మైనస్ 14, ఎండుద్రాక్షకు మైనస్ 21, గట్టి పార్మెసాన్ చీజ్‌కు ప్లస్ 34 వస్తాయి. విలువ సున్నాకు దిగువన ఉంటే క్షారం, ఎగువన ఉంటే ఆమ్లం. ఈ సూత్రం మూత్రంలోకి వెళ్లే ఆమ్లాన్ని అంచనా వేయడానికి పుట్టింది. ఒక పదార్థం ఆరోగ్యకరమా కాదా అని తేల్చే పని దానికి ఎవరూ అప్పగించలేదు.

ఈ ఆహారం తింటే నా రక్తం క్షారంగా మారుతుందా?

మారదు, మారకూడదు కూడా. ఆరోగ్యవంతుల ధమనుల్లోని రక్తం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె; 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 7.35 నుంచి 7.45 మధ్య ఉంటుంది, అంటే ఇప్పటికే అది స్వల్పంగా క్షారమే. మీరు బిర్యానీ తిన్నా, కీరదోసకాయ ముక్కలు తిన్నా ఈ హద్దు దాటకుండా శరీరం మూడు విధాలుగా కాపలా కాస్తుంది. రక్తంలోని బైకార్బొనేట్ అప్పటికప్పుడు ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది, ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను బయటకు పంపి నిమిషాల్లో సర్దుతాయి, మూత్రపిండాలు మిగిలిన ఆమ్లాన్ని గంటలు, రోజుల వ్యవధిలో మూత్రంలోకి వదిలి బైకార్బొనేట్‌ను తిరిగి నింపుతాయి. రక్తం పీహెచ్ ఈ హద్దుకు అటూ ఇటూ జరిగిందంటే ఆ మనిషి తీవ్రమైన జబ్బుతో ఉన్నట్లే, అతనికి కావలసింది ఆసుపత్రి. కాబట్టి రక్తాన్ని క్షారంగా మారుస్తామని ఎవరైనా హామీ ఇస్తే, ఆ ఒక్క మాటను బట్టే మిగిలిన మాటలను కూడా జాగ్రత్తగా తూచుకోవాలి.

మరి మూత్రాన్ని పీహెచ్ పట్టీతో పరీక్షిస్తే రంగు మారుతోంది కదా?

మారుతుంది, అందులో అబద్ధం లేదు. మూత్రం పీహెచ్ 4.5 నుంచి 8 వరకు తిరుగుతుంది, ముందురోజు తిన్న తిండిని బట్టి రోజురోజుకూ మారుతుంది. రక్తాన్ని స్థిరంగా ఉంచడానికి మూత్రపిండాలు ఎక్కువైన దాన్ని బయట పారేస్తాయి, పట్టీ మీద కనిపించేది ఆ పారేసిన సరుకే. దాన్ని చూసి శరీరం లోపల ఆమ్లం పేరుకుందనో, పోయిందనో చెప్పలేం. యూరిక్ ఆమ్లం రాళ్లు ఉన్నవారికి వైద్యులు మూత్రం పీహెచ్ చూసుకోమని చెప్పడం వేరే విషయం, అక్కడ ఆ అంకెకు నిజమైన ప్రయోజనం ఉంది.

నిమ్మకాయ, చింతపండు అంత పుల్లగా ఉంటే వాటిని క్షార పదార్థాలంటారేమిటి?

నాలుకకు తగిలే పులుపుకూ, జీర్ణమైన తర్వాత మిగిలే దానికీ సంబంధం లేదు. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లాన్ని శరీరం ఇంధనంగా వాడుకుంటుంది, చివరకు బైకార్బొనేట్‌ను మిగిల్చే పొటాషియం లవణాలు దక్కుతాయి. చింతపండులోనూ పొటాషియం, మెగ్నీషియం బాగా ఉన్నందున ప్రాల్ విలువల పట్టికలో అదీ క్షారం వైపే చేరుతుంది. అయితే నిమ్మరసం నోట్లో ఉన్నంతసేపూ ఆమ్లమే. రోజంతా కొద్దికొద్దిగా నిమ్మనీళ్లు చప్పరించే అలవాటు పంటి ఎనామెల్‌ను అరగదీస్తుంది. తాగదలిస్తే ఒకేసారి తాగి, మామూలు నీళ్లతో పుక్కిలించి, పళ్లు తోముకోవడానికి కనీసం అరగంట ఆగండి.

డిటాక్స్ చేస్తే ఒంట్లోని విషాలన్నీ పోతాయంటారు. నిజమేనా?

ఏ విషం, ఎంత మోతాదులో ఉంది, ఏ పరీక్షలో తగ్గినట్లు కనిపించింది అని అడిగితే ఈ ప్రచారంలో జవాబు దొరకదు. మాంసకృత్తులు విరిగినప్పుడు పుట్టే అమోనియాను యూరియాగా మార్చేది కాలేయం, మద్యాన్నీ మందులనూ విడగొట్టేదీ అదే. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో అత్యధిక భాగాన్ని తిరిగి రక్తంలోకి చేర్చి, ఒకటిన్నర, రెండు లీటర్లను మాత్రమే మూత్రంగా పంపుతాయి. ఈ పని పండుగ రోజైనా, పథ్యం రోజైనా ఆగదు. మీరు చేయగలిగింది ఆ అవయవాల మీద భారం తగ్గించడం: మద్యం, పొగాకు మానడం, ఉప్పు తగ్గించడం, నొప్పి మాత్రలు విచ్చలవిడిగా వాడకపోవడం, రక్తపోటునూ చక్కెరనూ అదుపులో ఉంచుకోవడం.

అయితే ఈ పద్ధతి వల్ల లాభమే లేదంటారా?

లాభం ఉంది, గట్టిగానే ఉంది. కాకపోతే అది పీహెచ్ వల్ల రాదు. కూరగాయలు, పండ్లు పెరిగి ఉప్పు, చక్కెర, వేపుళ్లు తగ్గితే పీచు, పొటాషియం, మెగ్నీషియం అందుతాయి, తక్కువ కేలరీలతోనే కడుపు నిండుతుంది. పండ్లు, కూరగాయలు, కొవ్వు తక్కువ పాల పదార్థాలతో కూడిన ఆహారాన్ని అమెరికాలో పరీక్షించిన డాష్ పరిశోధన 1997లో వెలువడింది. అందులో అధిక రక్తపోటు ఉన్నవారికి పై అంకె సగటున 11 పాయింట్ల మేర తగ్గింది. అందుకే ఈ తిండిని ధైర్యంగా తినమంటాను, దానికి అంటగట్టిన సిద్ధాంతాన్ని వదిలేయమంటాను.

క్యాన్సర్ కణాలు క్షారంలో బతకవని విన్నాం. మా ఇంట్లో పేషెంటుకు ఈ ఆహారం పెడితే తగ్గుతుందా?

తగ్గదు. ఈ ప్రశ్న అడిగేవారి ఆవేదన తెలుసు కనుకనే జవాబు సూటిగా చెప్పాలి. ఈ వాదానికి 1931లో నోబెల్ బహుమతి పొందిన జర్మన్ శాస్త్రవేత్త ఆటో వార్‌బర్గ్ పేరును ఎక్కువగా వాడుకుంటారు. ఆ బహుమతి కణాల శ్వాసక్రియలోని ఎంజైమ్ మీద చేసిన పనికి వచ్చింది. కణితి చుట్టూ ఆమ్లం ఉంటుందన్నది నిజమే, కానీ గ్లూకోజ్‌ను వేగంగా కాల్చి ఆ ఆమ్లాన్ని పుట్టించేది కణితే. తిండితో అక్కడి పీహెచ్‌ను మార్చే దారి లేదు. ఆల్కలైన్ ఆహారానికీ క్యాన్సర్‌కూ సంబంధం మీద ఉన్న పరిశోధనలన్నిటినీ జల్లెడ పట్టి 2016లో వెలువడిన సమీక్షకు ఈ వాదాన్ని బలపరిచే ఆధారమేదీ కనిపించలేదు. అమెరికాలో ఈ సిద్ధాంతాన్ని విస్తృతంగా ప్రచారం చేసిన రాబర్ట్ యంగ్ లైసెన్సు లేకుండా వైద్యం చేసిన నేరానికి 2016లో దోషిగా తేలి జైలుకు వెళ్లాడు. ఆయన మాట విని సరైన చికిత్సను పక్కన పెట్టి నష్టపోయిన ఒక క్యాన్సర్ బాధితురాలికి 10 కోట్ల 50 లక్షల డాలర్ల పరిహారం చెల్లించాలని 2018లో అక్కడి జ్యూరీ తీర్పు చెప్పింది.

కీమోథెరపీ, రేడియేషన్ జరుగుతున్న మనిషికి కావలసినవి బరువు తగ్గకుండా చూసే కేలరీలు, తగినన్ని మాంసకృత్తులు. రసాల మీదే ఉంచితే కండ కరిగిపోయి, చికిత్సను తట్టుకునే శక్తి పోతుంది. ఏం పెట్టాలో క్యాన్సర్ వైద్యులనూ, ఆ ఆసుపత్రి డైటీషియన్‌నూ అడగండి.

ఆమ్ల పదార్థాలు ఎముకల్లోని కాల్షియంను లాగేస్తాయా?

మాంసకృత్తులు ఎక్కువ తింటే మూత్రంలో కాల్షియం పెరగడం చూసి ఒకప్పుడు అలా అనుకున్నారు. తర్వాతి పరిశోధనల్లో, పెరిగిన కాల్షియంలో మంచి భాగం పేగులు ఎక్కువగా పీల్చుకోవడం వల్ల వచ్చినదేనని తెలిసింది. ఆహారపు ఆమ్ల భారం ఎముకలను గుల్ల చేస్తుందనడానికి ఆధారం లేదని 2011లో కెనడా పరిశోధకులు తేల్చారు. ఎముకలకు కాల్షియం, విటమిన్ డి, మాంసకృత్తులు, నడక అవసరం.

## వంటింట్లో

అన్నం పూర్తిగా మానేయాలా? దంపుడు బియ్యం క్షారమేనా?

పట్టిక ప్రకారం తెల్లబియ్యం ప్రాల్ విలువ 4.6, దంపుడు బియ్యానిది దాదాపు 12.5. భాస్వరం ఎక్కువగా ఉండడం వల్ల పీచు, విటమిన్లు నిండుగా ఉన్న బియ్యమే ఎక్కువ ఆమ్లమైపోయింది. అదే పట్టికలో పంచదార విలువ దాదాపు సున్నా, వంట నూనెల విలువా సున్నాయే. ఆ అంకెలనే నమ్ముకుంటే దంపుడన్నం మానేసి మిఠాయిలు తినాల్సి వస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకు 2,000 కేలరీలు అవసరమయ్యేవారికి ధాన్యాలు సుమారు 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, గింజలు 35 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉన్నాయి. ధాన్యాలు, పప్పుల తూకం వండక ముందుది. ఒకటికి రెండుసార్లు అన్నం వడ్డించుకుని, కూర చెంచాడు వేసుకునే మన కంచంలో మార్చాల్సింది ఈ నిష్పత్తి. అన్నం సగానికి తగ్గి కూర రెట్టింపైతే చాలు.

పప్పులు, గుడ్లు, చేపలు ఆమ్లమంటున్నారు. మానేస్తే ఏమవుతుంది?

కొన్నాళ్లకు కండ తగ్గుతుంది, నీరసం వస్తుంది, జుట్టు ఊడుతుంది. పెద్దవారికి కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలన్నది మన దేశపు సిఫారసు. అరవై కిలోల మనిషికి అది రోజుకు సుమారు 50 గ్రాములు. కూరగాయలు, పండ్లతోనే ఇంత అందడం దాదాపు అసాధ్యం. పైగా మాంసం, గుడ్లు, పాలు మూడూ మానేస్తే విటమిన్ బి12 దొరికే దారి మూసుకుపోతుంది. దాని లోపం ముదిరితే అరికాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు, రక్తహీనత వస్తాయి, నరాలకు జరిగిన నష్టం కొన్నిసార్లు పూర్తిగా పూడదు కూడా. కందిపప్పు, పెసరపప్పు, శనగలు రోజూ తినండి. పెరుగు విలువ సున్నాకు చేరువలోనే ఉంటుంది. గుడ్డు, చేప తినేవారు పక్కన రెండు కూరలు పెట్టుకుంటే పట్టిక లెక్క కూడా సరిపోతుంది.

మన ఇంటి వంటతోనే పాటించవచ్చా? కేల్, అవకాడో, కినోవా కొనాల్సిందేనా?

కొనాల్సిన అవసరమే లేదు. తోటకూర, మునగాకు, మెంతికూర, బచ్చలి, పొన్నగంటి, సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దొండకాయ, అరటిదూట, గుమ్మడి ఉన్న నేల మనది. ఉదయం రాగి జావ, లేదా రెండు ఇడ్లీలు వేరుశెనగ చట్నీతో, పక్కన ఒక జామకాయ. మధ్యాహ్నం కొద్దిగా అన్నం, తోటకూర పప్పు, నూనె తక్కువ వేసిన బీరకాయ కూర, పచ్చి కీరా, ఉల్లి ముక్కలు, పెరుగు. సాయంత్రం బొప్పాయి ముక్కలో, నానబెట్టి ఉడికించిన శనగలో. రాత్రి జొన్నరొట్టె, వంకాయ టమాటా కూర, పలుచని మజ్జిగ. ఇంతకు మించిన ఆల్కలైన్ భోజనం ఏ ప్యాకెట్‌లోనూ దొరకదని నా నమ్మకం.

వండే తీరు కూడా చూసుకోవాలి. ఆకుకూరలను ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం, కొన్ని విటమిన్లు వాటితోపాటే పోతాయి. మూతపెట్టి సన్నని సెగ మీద మగ్గించడం మంచిది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం ఇందుకు విరుద్ధంగా, పొటాషియం తగ్గేందుకు ఉడికించిన నీళ్లను పారబోయమని డైటీషియన్లు చెబుతారు. ఇక ఆవకాయ, మాగాయ, వడియాలు, అప్పడాలు: వీటిలోని ఉప్పు రక్తపోటుకు చేసే చెరుపును గుర్తుంచుకుని, రోజువారీ కంచంలోంచి అప్పుడప్పుడు వేసుకునే వాటిలోకి మార్చండి.

పొద్దున్నే సొరకాయ రసం, బూడిద గుమ్మడికాయ రసం తాగవచ్చా?

బూడిద గుమ్మడికాయ రసం ఒక గ్లాసు తాగితే చాలామందికి హాని ఉండదు, అద్భుతమూ ఉండదు. సొరకాయ రసం విషయంలో మాత్రం ప్రాణం మీదికి వచ్చే జాగ్రత్త ఒకటి ఉంది. కొన్ని సొరకాయల్లో కుకుర్బిటసిన్లు అనే చేదు విషపదార్థాలు పెరుగుతాయి. అలాంటి కాయ రసం తాగితే కాసేపట్లోనే వాంతులు, విరేచనాలు, రక్తపు వాంతులు, రక్తపోటు పడిపోవడం సంభవిస్తాయి. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త ఇలాగే మరణించడంతో భారత వైద్య పరిశోధనా మండలి నిపుణుల సంఘాన్ని వేసి, రసం తీసే ముందు కాయ ముక్కను తప్పక రుచి చూడాలనీ, ఏమాత్రం చేదున్నా పారేయాలనీ సూచించింది. సొరకాయ రసంలో కాకర రసం కలపకండి, అసలు చేదు ఎక్కడిదో తెలియకుండా పోతుంది. ఎంత చేదైతే అంత మందు అనుకుని గుటకేయడం ఇక్కడ ప్రాణాంతకం. తాగాక వాంతులు మొదలైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏం తాగారో చెప్పండి. పప్పులోనో, కూరగానో వండుకుంటే నోట్లో పెట్టగానే చేదు తెలుస్తుంది, పీచు కూడా దక్కుతుంది, అందుకే వండుకోవడమే మేలు.

రోజూ పాలకూర స్మూతీ తాగుతున్నాను, పర్వాలేదా?

పచ్చి పాలకూరలో ఆక్సలేట్లు చాలా ఎక్కువ. రోజూ పెద్ద కట్టను మిక్సీలో వేసి తాగితే ఆ ఆక్సలేట్ కాల్షియంతో కలిసి మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకోవచ్చు. ఇటువంటి ఆకుపచ్చ రసాల పథ్యం తర్వాత మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. గోంగూర, చుక్కకూరల్లోనూ ఆక్సలేట్లు ఉన్నాయి. ఆకుకూరలను మార్చి మార్చి, ఉడికించి, పెరుగుతోనో పాలతోనో కలిసి వచ్చేలా తినండి. కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని బయటకు పంపుతుంది.

సిరిధాన్యాలు క్షారమేనా?

చాలావరకు ఇతర ధాన్యాల్లాగే స్వల్పంగా ఆమ్లం వైపు ఉంటాయి. కొర్రలు, సామలు, అరికలు, ఊదలు, అండుకొర్రలు పీచు కోసం తినదగినవి. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అది ఏ పట్టికకన్నా పెద్ద కారణం.

## మొదటి వారం

రెండోరోజుకే తలనొప్పి, నీరసం వచ్చాయి. విషాలు బయటకు పోతున్న లక్షణమేనా?

ఉదయం కాఫీ, సాయంత్రం టీ ఒక్కసారిగా మానేసి ఉంటే అది కెఫీన్ ఆగిపోయిన తలనొప్పి. మానిన 12 నుంచి 24 గంటల్లో మొదలై, రెండో రోజున తీవ్రమై, కొందరిలో వారం దాటి కూడా ఉంటుంది. కాఫీని ఒక్కరోజులో ఆపకుండా, వారంపాటు క్రమంగా తగ్గిస్తే ఈ బాధ తప్పుతుంది. తిండి మరీ తగ్గించినా, ఉప్పు పూర్తిగా మానేసినా నీరసం, కళ్లు తిరగడం వస్తాయి. వీటిని మంచి సూచనలుగా భావించి భరించమని చెప్పే సలహా హానికరం. గుండె దడ, స్పృహ తప్పడం, ఆగని వాంతులు ఉంటే పథ్యం ఆపి వైద్యుణ్ని చూడండి.

మూడు రోజుల్లోనే రెండు కిలోలు తగ్గాను. కొవ్వు కరిగినట్లేనా?

అందులో ఎక్కువభాగం నీరే. కాలేయం, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ ఒక్కో గ్రాముతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గగానే గ్లైకోజెన్ ఖర్చై ఆ నీరు బయటకు వెళ్తుంది, మామూలు భోజనం మొదలుపెట్టగానే తిరిగి వస్తుంది. నెలకు ఒకటిన్నర, రెండు కిలోల చొప్పున నింపాదిగా తగ్గేదే నిలుస్తుంది.

కూరగాయలు పెంచాక కడుపు ఉబ్బరం ఎక్కువైంది, ఏం చేయాలి?

పీచును ఒక్కసారిగా పెంచడం వల్లే ఇది జరుగుతుంది. పచ్చి ముక్కలు తగ్గించి ఉడికినవి తినండి, శనగలు, అలసందలు రాత్రంతా నానబెట్టండి, నీళ్లు తగినన్ని తాగండి. రెండు మూడు వారాల్లో పేగులు అలవాటు పడతాయి.

## నీళ్లు, వంటసోడా

ఆల్కలైన్ నీళ్ల యంత్రం కొనమంటున్నారు. అంత ఖర్చు పెట్టవచ్చా?

నా సలహా వద్దనే. తాగిన నీళ్లు ముందు చేరేది జీర్ణాశయంలోకి, అక్కడి పీహెచ్ సుమారు 1.5 నుంచి 3.5. పీహెచ్ 9 ఉన్న నీటిలోని స్వల్పమైన క్షారం ఆ ఆమ్లం ముందు నిలవదు. మన దేశపు తాగునీటి ప్రమాణం పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలంటుంది, ఆ పరిధిలోని శుభ్రమైన నీరు చాలు.

నల్గొండ బోర్ల సంగతి ఇక్కడ తలచుకోవాలి. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే భూగర్భజలాలు సాధారణంగా సహజంగానే క్షార గుణం కలవి, ఎందుకంటే బైకార్బొనేట్ ఎక్కువై కాల్షియం తక్కువైన నీటిలోకి రాళ్లలోని ఫ్లోరైడ్ తేలిగ్గా కరుగుతుంది. తరతరాలుగా అక్కడి పల్లెల్లో ఎముకలు వంగిపోయిన మనుషులు తాగింది అలాంటి నీరే. నీటిలో పీహెచ్ ఎంత అన్నదానికన్నా ఫ్లోరైడ్, నైట్రేట్, సూక్ష్మజీవులు ఎంత అన్నదే అసలు ప్రశ్న. ఆల్కలైన్ అన్న ముద్ర శుభ్రతకు హామీ కూడా కాదు. అమెరికాలోని నెవాడాలో ఒక ఆల్కలైన్ నీటి బ్రాండు తాగిన పిల్లలకు కాలేయం తీవ్రంగా దెబ్బతినడంతో, ఆ నీటిని తాగవద్దని అక్కడి ఆహార, ఔషధ సంస్థ 2021లో హెచ్చరించింది. యంత్రానికి పెట్టే డబ్బులో చిన్న భాగంతో మీ బోరు నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించండి.

నిమ్మరసంలో వంటసోడా కలుపుకుని రోజూ తాగవచ్చా?

తాగకండి. ఒక టీ చెంచా వంటసోడాలో సుమారు 1,250 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పిన హద్దు 2,000 మిల్లీగ్రాములు. రక్తపోటు, గుండె జబ్బు, కాళ్ల వాపు ఉన్నవారికి ఇది నేరుగా హాని చేస్తుంది. ఎక్కువ మోతాదులో ఎక్కువ రోజులు వాడితే రక్తం నిజంగానే క్షారం వైపు జరిగి, పొటాషియం పడిపోయి, కండరాలు పట్టేసి, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

## జబ్బులు, మందులు ఉన్నవారికి

మా నాన్నగారికి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగింది. ఈ ఆహారంతో డయాలసిస్ తప్పుతుందా?

ఈ ప్రశ్నకు జాగ్రత్తగా రెండు భాగాల్లో జవాబు చెప్పాలి. మూత్రపిండాలు బలహీనపడినప్పుడు ఆమ్లాన్ని పూర్తిగా పారేయలేవు, రక్తంలో బైకార్బొనేట్ తగ్గుతుంది. అటువంటి రోగుల్లో పండ్లు, కూరగాయలు పెంచితే ఆ లోపం సర్దుకోవడం నిజంగా కనిపించింది. నాలుగో దశ జబ్బు ఉన్నవారి మీద అమెరికాలో జరిగి 2013లో వెలువడిన ఒక పరిశోధనలో, ఏడాదిపాటు పండ్లు, కూరగాయలు ఇచ్చినవారిలోనూ, సోడియం బైకార్బొనేట్ మాత్రలు ఇచ్చినవారిలోనూ ఆమ్లత మెరుగైంది. ఈ సిద్ధాంతంలో శాస్త్రం నిలబడిన చోటు ఇదొక్కటే అనవచ్చు.

రెండో భాగం ఇంకా ముఖ్యం. ఆ పరిశోధనకు, పొటాషియం పెరిగే ప్రమాదం తక్కువగా ఉన్నవారిని ఏరి మరీ తీసుకున్నారు. మిగిలినవారిలో అదే పండ్ల రసం రక్తంలో పొటాషియంను పెంచి, ముందస్తు లక్షణాలేమీ లేకుండా గుండెను ఆపగలదు. ఒక గ్లాసు కొబ్బరినీళ్లలో 400 నుంచి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. కొబ్బరి తోటల మధ్యే కిడ్నీ జబ్బు వేలమందిని పీడిస్తున్న ఉద్దానం లాంటి చోట ఈ సంగతి ప్రతి ఇంటికీ తెలియాలి. పొటాషియం, బైకార్బొనేట్ పరీక్షలు చూడకుండా కొబ్బరినీళ్లు, అరటిపండ్లు, ఆకుకూరల రసాలు, పొటాషియంతో చేసిన ఉప్పు మొదలుపెట్టకండి. నెఫ్రాలజిస్టు రాసిన సోడా మాత్రలను ప్రకృతి ఆహారం తింటున్నామన్న ధీమాతో ఆపకండి.

అమ్మకు షుగర్ ఉంది. రసాల ఉపవాసం చేయించవచ్చా?

వైద్యుణ్ని అడగకుండా చేయించకండి. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడుతూ తిండి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వేసుకుంటూ పస్తులుంటే, మీటరులో చక్కెర మరీ ఎక్కువగా కనిపించకపోయినా, కొవ్వు విరిగినప్పుడు పుట్టే కీటో ఆమ్లాలు పేరుకుని రక్తం నిజంగానే ఆమ్లంగా మారే అత్యవసర స్థితి రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, వేగంగా లోతైన శ్వాస కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకూడదు. టైప్ 1 మధుమేహం ఉన్నవారు ఏ ఆహార పద్ధతి కోసమూ ఇన్సులిన్ ఆపరాదు. ఇక రసం తీస్తే పీచు పోయి చక్కెర మిగులుతుంది కాబట్టి పండు తినడమే మంచిది.

రాళ్లు ఉన్నవారికి మంచిదేనా?

రాయి రకాన్ని బట్టి ఉంటుంది. యూరిక్ ఆమ్లం రాళ్లు ఆమ్ల మూత్రంలో పుడతాయి కనుక వైద్యులు పొటాషియం సిట్రేట్ ఇచ్చి మూత్రం పీహెచ్‌ను 6 దాటిస్తారు, అప్పుడు రాళ్లు కరగవచ్చు కూడా. కాల్షియం ఫాస్ఫేట్ రాళ్లు మాత్రం మూత్రం మరీ క్షారమైతే పెరుగుతాయి. పడిన రాయిని పారేయకుండా పరీక్షకు పంపండి.

రక్తం పల్చబడే మందు, బీపీ మాత్రలు వాడుతున్నాను. ఆకుకూరలు పెంచవచ్చా?

వార్ఫరిన్, అసినోకౌమరాల్ వాడేవారిలో ఆకుకూరల్లోని విటమిన్ కె మందు పనిని తగ్గిస్తుంది. ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ దాదాపు ఒకే మోతాదులో తిని, మార్చేటప్పుడు వైద్యులకు చెప్పి, రక్తం గడ్డకట్టే వేగాన్ని చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకోవాలి. టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వాడేవారు పొటాషియం పరీక్ష చేయించుకోవాలి, ఆ మందులు కూడా దాన్ని పెంచుతాయి.

నాకు ఎప్పుడూ ఎసిడిటీ, గ్యాస్. ఈ ఆహారంతో తగ్గుతుందా?

వేపుళ్లు, కారం, రాత్రి ఆలస్యపు భోజనం, మద్యం తగ్గితే ఛాతీలో మంట, పులితేపులు చాలామందికి తగ్గుతాయి. జీర్ణాశయంలో ఆమ్లం ఉండడం మాత్రం జబ్బు కాదు, తిండి అరగడానికీ, క్రిములు చావడానికీ అది కావాలి. నెలల తరబడి మంట ఉంటే, నల్లని విరేచనం అయితే, మింగడం కష్టమైతే, కారణం లేకుండా బరువు తగ్గితే ఎండోస్కోపీ అవసరం పడవచ్చు. ఛాతీ బరువుగా పట్టేసి, చెమటలు పోసి, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకితే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

గర్భిణులు, పిల్లలు పాటించవచ్చా?

కూరగాయలు, పండ్లు పెంచడం వరకే. పప్పు, పాలు, గుడ్లు తగ్గించే పథ్యాలు, రసాల ఉపవాసాలు గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ, ఎదిగే పిల్లలకూ పనికిరావు. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆపకూడదు.

## కొనసాగించేటప్పుడు

ఎంతకాలం చేయాలి? నెలకోసారి మూడు రోజుల డిటాక్స్ చేస్తే సరిపోదా?

ఇరవై ఏడు రోజులు ఇష్టం వచ్చినట్లు తిని మూడు రోజులు రసాలు తాగితే మూడు రోజుల ఫలితమే ఉంటుంది. కంచంలో సగం కూరలుండే భోజనానికి గడువు అక్కర్లేదు. పెళ్లి భోజనం, పండుగ పులిహోర, ఆదివారం కోడికూర ఆ భోజనాన్ని పాడుచేయవు.

విదేశాల్లో ఉంటున్నాం. ఇక్కడ మన కూరగాయలు దొరకవు, ఏం తినాలి?

గడ్డకట్టించి అమ్మే పాలకూర, బీన్స్, బఠాణీలు పోషకాల్లో తాజావాటికి దాదాపు సమానమే. ఉప్పు కలపని ప్యాకెట్లు చూసి తీసుకోండి. క్యాబేజీ, చిలగడదుంప, బ్రోకలీ, డబ్బాలోని శనగలు కడిగి వాడుకోవచ్చు. ఆకుపచ్చ పొడుల డబ్బాలకు డబ్బు తగలేయకండి.

ఏ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి?

ఆరోగ్యంగా ఉన్నవారికి మూత్రం పీహెచ్ పట్టీలు అక్కర్లేదు. ఏడాదికోసారి రక్తపోటు, హిమోగ్లోబిన్, మూడు నెలల సగటు చక్కెర, క్రియాటినిన్, కొలెస్ట్రాల్ చూసుకోండి. మాంసాహారం, పాలు మానినవారు విటమిన్ బి12ను కలపండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పొటాషియం, బైకార్బొనేట్ పరీక్షలను వైద్యులు చెప్పిన వ్యవధిలో చేయించుకుని, తిండిలో చేసిన ప్రతి మార్పునూ ఆ కాగితాలతోపాటు వారికి చూపించండి.